అతుకు తెలియని నేల

ఆ వానాకాలం మా ఇంట్లో టీ గ్లాసులకు కరువొచ్చింది.

గ్లాసులు ఎక్కడికీ పోలేదు. హాల్లో కిటికీ పక్కనున్న బల్ల మీద, చదవడం అయిపోయిన పుస్తకాల మీద బోర్లించి ఉండేవి. నేనూ మా అత్తగారూ ఉన్న పుస్తకాల గ్రూపులో అది ఆచారం. పుస్తకం పూర్తిచేసినవాళ్ళు, ఆఖరి పేజీలతోపాటు తాగిన టీ గ్లాసును కడిగి, మూసిన పుస్తకం అట్ట మీద బోర్లించి, ఫోటో తీసి ఫోన్లో పెట్టాలి. ఇంకేమీ రాయక్కర్లేదు. ఆ ఫోటో కనబడగానే ఆ పుస్తకాన్ని అంతకుముందే చదివినవాళ్ళంతా చుట్టూ మూగేవారు. "వచ్చారా ఇవతలి ఒడ్డుకి?" "ఆ పెళ్ళి దగ్గర నాకు ఒళ్ళు మండింది, మీకు మండలేదూ?" అంటూ. చదవనివాళ్ళు గుమ్మం బయట నిలబడ్డట్టు నిలబడి వినాల్సిందే. చివర ఏమైందో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. గ్రూపు పేరే 'చివర చెప్పకండి'.

ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. పేర్లు కూడా చెప్పుకునేవాళ్ళం కాదు. పేరు చెబితే ఊరూ వాడా ఆరాలు మొదలవుతాయని, ఎవరి పని వాళ్ళకి పేరు. గ్రూపులో చాలామందే ఉన్నా నోరు విప్పేది కొందరే. గూడ్సు బండి గార్డు ఒకాయన, సిగ్నల్ దొరక్క బండి ఆగిన చోటల్లా నాలుగు పేజీలు లాగించేవాడు. ప్రతి పుస్తకాన్నీ భోజనానికి ముందు చదవాలో తరవాత చదవాలో చెప్పే కాంపౌండరు ఒకాయన. ఎంత గొప్ప నవలకైనా పదికి ఆరున్నర దాటి మార్కులు వెయ్యని లెక్కల టీచరు ఒకావిడ. మా అత్తగారు చాలా ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు కాబట్టి 'ఆపరేటరు'. నేను 'కోడలు'.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకే పుస్తకం ఎలా చదువుతారు? కొట్టుకోరూ?" అని గార్డు ఒకసారి అడిగాడు.

"కొట్టుకోం. నేను చదివి పేజీ మూల మడతపెడతాను. ఆ మడతలు సాపు చేసుకుంటూ మా కోడలు చదువుతుంది. దానికి పుస్తకం కంటే ఇస్త్రీ ముఖ్యం" అని అత్తయ్య జవాబిచ్చారు. అందరూ నవ్విన గుర్తులు పెట్టారు. పక్కగదిలో ఉన్న నేను కూడా పెట్టాను.

వానలు ఇంకా మొదలవకముందు, అత్తయ్యా నేనూ మావారూ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అత్తయ్యకు ఎడమ కన్ను అంతకు రెండేళ్ళ కిందటే పోయింది. కుడి కన్ను మీదే సంసారం. డాక్టరు చిన్నావిడ, నిదానంగా మాట్లాడే మనిషి. అత్తయ్య చెయ్యి పట్టుకుని చెప్పింది.

"చుట్టుపక్కల నుంచి మూసుకొస్తోందమ్మా. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండి ఉంటుంది మీకు. నడుమనున్న చూపు మాత్రం చివరిదాకా బాగానే ఉంటుంది."

"అయితే చదువుకోవచ్చు" అన్నారు అత్తయ్య.

"చదువుకోవచ్చు. చదివినందువల్ల పోయేదీ లేదు, మానేసినందువల్ల మిగిలేదీ లేదు. చుక్కలు మాత్రం మానకండి."

"ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగారు మావారు. ఆయన అంతసేపూ నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

"ఈ వానాకాలం గడిస్తే గొప్ప. ఆ నడుమ చూపు పోయేటప్పుడు చెప్పి పోదు." డాక్టరు మళ్ళీ అత్తయ్యకేసి తిరిగింది. "చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఇప్పుడే చూసుకోండమ్మా."

బస్సులో ఇంటికొస్తూ అత్తయ్య నాతో, "చూడాలనుకున్నవంటే నాకేమున్నాయి చెప్పు. చదవాలనుకున్నవి బోలెడున్నాయి" అన్నారు. ముందు సీట్లో ఉన్న మావారు సగం వెనక్కి తిరిగారు. మళ్ళీ ముందుకు తిరిగారు.

ఆ సాయంత్రమే అత్తయ్య ఒక్క వేలితో అక్షరం అక్షరం కొట్టి గ్రూపులో రాశారు: "నాకు చూపు ఈ వానలు వెళ్ళేదాకా ఉంటుందట. ఏం చదవమంటారు?"

రేపు కూర ఏం చెయ్యమంటారు అన్నంత మామూలుగా రాశారు. ఎవరో టైపు చేస్తున్నట్టు చుక్కలు రావడం, పోవడం. చివరికి గార్డు వచ్చాడు.

"ఆపరేటరు గారూ, మేం ఒక్కొక్కరం ఒక్కటే చెబుతాం. జన్మకి ఒకే పుస్తకం చదవనిస్తాం అంటే ఎవరు ఏది చదువుకుంటారో అది."

ఇక చూడాలి.

"నాది ముందు. చాలా చిన్నది. పూటకు కాస్త చొప్పున వేసుకుంటే మూడు రోజుల్లో నయం" అన్నాడు కాంపౌండరు.

"ఆయన చిన్నదంటే నమ్మకండి. నాకూ ఇలాగే చెప్పి ఆరువందల పేజీలు మింగించారు" అంది లెక్కల టీచరు.

"నాది మూడు సంపుటాలు. ముందే చెప్తున్నా, మధ్యలో దిగిపోవడానికి స్టేషన్లు లేవు" అన్నాడు గార్డు.

అప్పటిదాకా నోరు విప్పనివాళ్ళు కూడా బయటికొచ్చారు. నర్సు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, ఎవరో కోర్టు గుమాస్తా. రాత్రికల్లా పేర్ల మీద పేర్లు. అత్తయ్య ఫోను ముక్కుకు ఆనించుకుని అన్నీ చదివారు.

"ఇన్ని ఎక్కడవుతాయి అత్తయ్యా? ఒక అరడజను ఏరుకోండి" అన్నాను.

"వీళ్ళది చదివి వాళ్ళది వదిలేస్తే బాగోదు అమ్మాయ్. అంత ఇష్టంగా చెప్పారు." అని నవ్వారు. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లైను కట్ చెయ్యడం నాకు చేతకాలేదు. మాట అయిపోయింది, పెట్టెయ్యండి అని చెప్పలేక సూపర్వైజరు చేత చీవాట్లు తినేదాన్ని."

మర్నాటి నుంచి లైబ్రరీకి తిరగడం నా పని అయింది. వానలో పుస్తకాలు తడవకుండా రెండు ప్లాస్టిక్ సంచులు, వాటిమీద తువ్వాలు. నాకు అది బరువనిపించలేదు. ఇంట్లో అంత సందడి ఎప్పుడూ లేదు. నేను కూరలు తరుగుతుంటే ఆవిడ కిటికీ దగ్గర నుంచి ఒక వాక్యం పైకి చదివేవారు. నేను "ఊ" అనేదాన్ని. అన్నం పొంగిపోయిన రోజులున్నాయి.

మావారు పుస్తకాలు చదవరు. ఆయన నేలలు వేసే మేస్త్రీ. రాళ్ళు పరిచే పని. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడరు, చెప్పులు విడిచి బొటనవేలితో రెండు రాళ్ళ మధ్య అతుకు మీద రాసి చూస్తారు. బాగుంటే "పరవాలేదు" అంటారు. బాగోకపోతే ఏమీ అనరు. అతుకు కాలికి తగిలిందంటే అది పనే కాదని ఆయన లెక్క.

ఆ ఏడు ఊళ్ళో కొత్త బస్ స్టేషన్ కడుతున్నారు. దాని పెద్ద హాలు నేల మావారి చేతికొచ్చింది. నడుమ ఒక బొమ్మ రావాలట. ఒక రాత్రి భోజనాల దగ్గర, గ్లాసులో వేలు ముంచి, బల్ల మీద నీళ్ళతో గుండ్రంగా గీసి చూపించారు.

"చెరువులో రాయి వేస్తే విచ్చుకుంటాయి చూడమ్మా, అలా. నడిబొడ్డున తెలుపు. దాని చుట్టూ లేత నీలం, తరవాత ముదురు నీలం, అంచుకొచ్చేసరికి ఇటుక రంగు. అన్నీ వంపు ముక్కలే. ఒక్కో ముక్కా విడిగా కొయ్యాలి, విడిగా అరగదియ్యాలి. ఈ చివర నిలబడితే ఆ చివరున్న మనిషిని ఆనవాలు పట్టలేం, అంత పెద్దది."

ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనూ అరుదుగానే విన్నాను. అత్తయ్య వంగి, తల అటూ ఇటూ తిప్పుతూ ఆ తడి గీతలను ముక్కలు ముక్కలుగా చూశారు.

"ఎన్ని నేలలు వేశావో, ఒక్కటీ చూడలేదురా నేను. అన్నీ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో. వాళ్ళ తలుపు తట్టి, మా అబ్బాయి వేసిన నేల చూపించండి అంటే బాగుంటుందా?" అన్నారు. "ఇది అందరి ఇల్లూ కదా. ఇది చూస్తాను."

"చూద్దువుగాని. ఇప్పుడు కాదు. ఇప్పుడంతా బూడిదే. పాలిష్ పట్టనిదే రాయి రంగు చెప్పదు."

"సరే, పాలిష్ పట్టాకే చూపించు."

బల్ల మీది వలయాలు మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆరిపోయాయి.

మమ్మల్ని మోసం చేసినవి చిన్నక్షరాలే. అత్తయ్య మందు సీసా మీది చీమ తలకాయంత అక్షరాలను గడగడా చదివేవారు. గుమ్మం కనబడక భుజం కొట్టుకునేవారు, పక్కనే ఉన్న నీళ్ళ చెంబును తన్నేసేవారు, చేతికందేలా పెట్టిన గ్లాసు వెతుక్కునేవారు. అయినా పుస్తకం తెరిస్తే చాలు, చూపు చెక్కుచెదరనట్టే ఉండేది. "ఒక్క అక్షరం కూడా తప్పు పోవడం లేదు, ఇంకా చాలా టైముంది" అనుకునేవాళ్ళం ముగ్గురమూ. డాక్టరు చెప్పింది అదేనని మాలో ఎవరికీ గుర్తులేదు.

కాంపౌండరు చెప్పిన పుస్తకం అయింది. గ్లాసు పడింది. టీచరుది అయింది, గ్లాసు పడింది. నర్సుది చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ట్యాంకరు డ్రైవరుది చదువుతూ కిందికి జారిపోయేలా నవ్వారు. గ్లాసు పెట్టిన ప్రతిసారీ ఆ పుస్తకం చెప్పిన మనిషి ఎక్కడెక్కడి నుంచో పరుగెత్తుకొచ్చేవాడు. "నచ్చిందా? నిజంగా నచ్చిందా?" అని. పరీక్ష రాసినవాళ్ళు వాళ్ళేనన్నట్టు. అత్తయ్య ప్రతివాళ్ళకూ ఓపిగ్గా, విడివిడిగా, ఎక్కడెక్కడ నచ్చిందో రాసేవారు. నేను మా పెళ్ళయిన నాటి నుంచి ఆవిడను చూస్తున్నాను. ఆవిడ మొహం అంత కళగా ఉండటం ఎప్పుడూ చూడలేదు. ఈ మాట ఇక్కడ రాయకపోతే అన్యాయమవుతుంది.

వానలు నడిమికొచ్చాక ఒక ఆదివారం తెరపి ఇచ్చింది. మావారు మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. బట్టలనిండా రాతి పిండి.

"అమ్మా, పాలిష్ సగమైంది. తెలుపు తేలింది. లేత నీలం కూడా. వస్తావా, చూసొద్దాం."

అత్తయ్య ఒడిలో పుస్తకం ఉంది. కోర్టు గుమాస్తాది. ఆ సాయంత్రానికి పూర్తిచేస్తానని మాటిచ్చారు, గ్రూపులో అందరూ దానికోసం కాచుక్కూర్చున్నారు.

"సగం చూస్తే ఏం బాగుంటుందిరా? నువ్వే అన్నావుగా. మొత్తం అయ్యాక ఒకేసారి చూస్తా."

మావారు గోరు సందుల్లో ఇరుక్కున్న పిండిని గీక్కుంటూ కాసేపు నిలబడ్డారు. "అదీ నిజమేలే" అన్నారు. సగం పని ఎవరికైనా చూపించాలంటే ఆయనకూ చిన్నతనమే. పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు.

నేను వంటింట్లోంచి వచ్చి అత్తయ్య ఎదురుగా కూర్చున్నాను.

"వెళ్ళాల్సింది అత్తయ్యా. పుస్తకాలైతే తరవాత నేను చదివి వినిపించగలను. ఆ నేలను ఎలా వినిపించను?"

ఆవిడ పేజీ మూల మడిచి పుస్తకం మూశారు. నా మీద కోపం లేదు.

"నువ్వు చదివితే నీ గొంతు వినిపిస్తుంది అమ్మాయ్. మంచి గొంతే, కాదనను. ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు చెవినిండా ఎవరెవరి గొంతులో మోశాను. నేనే చదువుకుంటుంటే ఏ గొంతూ ఉండదు. అది పోతుంది కదా, అందుకని." తరవాత కొంచెం ఆగి, "వాడి నేల ఎక్కడికి పోతుంది చెప్పు. రాయి కదా" అన్నారు.

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గార్డు చెప్పిన మూడు సంపుటాలను అత్తయ్య చివరికి పెట్టుకున్నారు. నది మీద పడవలు నడిపే ఒక కుటుంబం, మూడు తరాల కథ. మొదటిది నత్తనడక. రెండోదానికి వచ్చేసరికి అన్నం కూడా కిటికీ దగ్గరే. గార్డు రోజూ అడిగేవాడు, "ఎక్కడున్నారు? తాత బతికే ఉన్నాడా? సరే సరే, చెప్పను. చదవండి."

మూడో సంపుటం అడుగంటుతుండగా పాలిష్ అయిపోయింది. ఆ సాయంత్రం పెద్ద వాన. మావారు తడిసి ముద్దయి వచ్చారు. చేతిలో తాళాల గుత్తి.

"అమ్మా, అయిపోయింది. ఎల్లుండి నుంచి జనాన్ని వదిలేస్తారు. ఈలోపు తాళం నా దగ్గరే. నీకోసం లైట్లన్నీ వేయించి వచ్చాను. ఇప్పుడు వస్తావా?"

అత్తయ్య కిటికీకేసి తిరిగారు. వాన చప్పుడుకి మాట సరిగా వినబడటం లేదు.

"ఈ వానలోనా? నువ్వు చూడు ఎలా తడిశావో. రేపు పొద్దున్నే వెళ్దాంరా. జనం లేకుండా, మనం ముగ్గురమే. ఈలోపు ఇది కూడా అవగొడతాను. ఒక్క అధ్యాయం."

మావారు తలుపు తీసి వానకేసి చూశారు.

"పగటి వెలుతురైతే ఇంకా బాగుంటుందిలే. తూర్పు అద్దాల్లోంచి సూటిగా పడుతుంది" అన్నారు. తువ్వాలు తీసుకుని తల తుడుచుకున్నారు. తాళాలు మేకుకు తగిలించారు.

మర్నాడు నేను లేచేసరికి అత్తయ్య నీళ్ళు పోసుకుని, పెట్టె అడుగునుంచి తీసిన నీలం చీర కట్టుకుని, కిటికీ దగ్గర సిద్ధంగా ఉన్నారు. వాన వెలిసింది. ఎండ వచ్చి సరిగ్గా ఆవిడ ఒళ్ళో పుస్తకం మీద పడింది. నేను టీ పెట్టాను. మావారు స్నానం చేసి తల దువ్వుకుంటున్నారు. ఎక్కడికో పెళ్ళికి వెళుతున్నట్టు ఇస్త్రీ చొక్కా.

"అమ్మాయ్" అని పిలిచారు అత్తయ్య. "ఈ పుస్తకంలో ఒక పేజీ అచ్చు పడలేదు. ఆ లైబ్రరీవాళ్ళకి ఇచ్చేటప్పుడు చెప్పు."

చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళాను. పేజీ పైనుంచి కిందిదాకా అక్షరాలతో నిండి ఉంది.

"పక్క పేజీ చూడండి అత్తయ్యా" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

తిప్పారు. "ఇదీ పడలేదు."

ఇంకొకటి తిప్పారు. అరచేత్తో ఆ పేజీని పైనుంచి కిందికి ఒకసారి నిమిరారు. తరవాత చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఓహో" అన్నారు. గుసగుసలా కూడా కాదు, మామూలుగా.

మావారు తాళాల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ తాళాలు చప్పుడు కాకుండా పిడికిట్లో గట్టిగా పట్టుకోవడం చూశాను.

"టీ అయిందా?" అని అడిగారు అత్తయ్య.

డాక్టరు కొత్తగా చెప్పిందేమీ లేదు. ముందే చెప్పినదాన్నే ఇంకొంచెం మెత్తగా చెప్పింది.

గ్రూపులో నేనే రాశాను, రెండు వాక్యాలు. సాయంత్రానికి గార్డు నుంచి ఒక రికార్డింగు వచ్చింది. అన్నేళ్ళ పరిచయంలో ఆయన గొంతు వినడం అదే మొదలు. బరువైన గొంతు అయి ఉంటుందనుకునేవాళ్ళం. సన్నగా, కాస్త ముక్కుతో మాట్లాడే గొంతు.

"ఆపరేటరు గారూ, సిగ్నల్ దగ్గర ఉన్నాను. మీరెక్కడ ఆగారో కోడలు గారు చెప్పారు. అక్కణ్ణుంచి చదువుతాను. బండి కదిలితే ఆపుతాను, ఏమీ అనుకోకండి."

చదివాడు. వెనక ఇంజను రొద, ఎక్కడో పెట్టెలు గుద్దుకున్న చప్పుడు. బండి కదిలినప్పుడు ఆగాడు, మళ్ళీ ఆగిన చోట అందుకున్నాడు. అలా మూడు నాలుగు ముక్కలు. ఆఖరి ముక్క పంపే ముందు అడిగాడు: "ఇక రెండు పేజీలే ఉన్నాయి. చదవమంటారా? రూలు రూలే కదా."

"చదవమను" అన్నారు అత్తయ్య.

అదే రాసి పంపాను. అత్తయ్య అంతా విన్నారు. నది ఎండిపోవడం, పడవను ఒడ్డున బోర్లించడం. విన్నాక చెయ్యి చాచారు. టీ గ్లాసు అందించాను. పుస్తకం అంచులు రెండు చేతులతో తడిమి, నడిమధ్య ఎక్కడో చూసుకుని, బోర్లించారు. నేను ఫోటో తీసి పెట్టాను.

"నేను చిన్న పుస్తకం చెప్పాల్సింది" అని రాశాడు గార్డు.

"అందరం చిన్నవి చెప్పాల్సింది" అన్నాడు కాంపౌండరు. ఎప్పుడూ ఉండే హాస్యం లేదు.

లెక్కల టీచరు 'పదికి పది' అని రాసి ఊరుకుంది. దేనికి వేసిందో రాయలేదు.

వాళ్ళకు నేల సంగతి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే ఆ మనుషులు తట్టుకోలేరు. అయినా అందులో వాళ్ళు చేసిందేముంది, ఉన్నదాంట్లో మంచిది తెచ్చి పెట్టారు.

వానలు వెనకబట్టాక ఒకరోజు అత్తయ్యే అడిగారు. "ఒరేయ్, నీ నేల దగ్గరికి తీసుకెళ్ళు."

"ఇప్పుడెందుకులే అమ్మా."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? పద."

అప్పటికి స్టేషన్ జనంతో నడుస్తోంది. పొద్దున్నే వెళ్ళాం, రద్దీ పెరగకముందు. ఒకళ్ళిద్దరు సామాన్ల మీద తల పెట్టుకుని కునుకు తీస్తున్నారు. తూర్పు వైపు అద్దాల్లోంచి ఎండ సూటిగా పడుతోంది. ఆ నేలను నేనూ అదే చూడటం. బల్ల మీద నీళ్ళతో గీసినప్పుడు ఇంత ఉంటుందని అనుకోలేదు. హాలు నిండా ఒక చెరువు కదలకుండా ఆగినట్టుంది.

అత్తయ్య చెప్పులు విడిచారు. మావారు మోచెయ్యి పట్టుకుని నడిబొడ్డుకు తీసుకెళ్ళారు.

"చల్లగా ఉందిరా."

"ఊ. నువ్వున్నది తెలుపు మీద."

ఒక అడుగు వేశారు. ఇంకొకటి.

"ఇప్పుడు?"

"లేత నీలంలోకి వచ్చావు."

"ఎప్పుడు మారింది?"

"ఇప్పుడే. అదిగో, నీ మడమ కింద."

ఆవిడ వెనక్కి ఒక అడుగు, ముందుకు ఒక అడుగు వేశారు. తరవాత కుడికాలి బొటనవేలితో నేల మీద మెల్లగా రాసి చూశారు, అటూ ఇటూ. మావారు ఎక్కడికెళ్ళినా చేసేది అదే. తల్లి ఆ పని చెయ్యడం నేనెన్నడూ చూడలేదు. ఆయనా చూసి ఉండరు.

"అతుకు తెలియడం లేదురా" అన్నారు.

ఇన్నేళ్ళ పనిలో ఆయన ఎవరి నోటివెంట వినాలనుకున్నా ఆ ఒక్క మాటే.

"తెలియకూడదమ్మా" అన్నారు మావారు.

"అంతా ఒక్కలాగే ఉంది."

"అవును."

అని ఆయన గొంతుక్కూర్చున్నారు. తెలుపూ నీలమూ కలిసే చోట గోరు పెట్టి, ఆ వంపు వెంబడే కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు జరుగుతూ వెళ్ళారు. ఏం చేస్తున్నారో నాకు వెంటనే అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఎక్కడైనా ఒక్క చోట, వెంట్రుకవాసి ఎత్తుపల్లం, గరుకు, ఏదైనా ఒక్క తప్పు దొరికితే ఆవిడ వేలు తీసుకొచ్చి దాని మీద పెడదామని వెతుకుతున్నారు. సగం వలయం తిరిగి లేచి నిలబడ్డారు. దొరకలేదు.

అత్తయ్య నా వైపు, అంటే నేను ఉన్నాననుకున్న వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు అమ్మాయ్. గ్రూపులో పుస్తకం గురించి రాస్తావు కదా చక్కగా, అలా చెప్పు."

దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. తెలుపు నుంచి మొదలుపెట్టాను. తెలుపంటే సున్నం తెలుపు కాదు, పాలమీద మీగడ కట్టేముందు ఉండే తెలుపు అన్నాను. లేత నీలం ఎక్కడ ముదురుతోందో, ఎండ పడిన మేర ఎలా ఉందో, ఇటుక రంగు అంచు ఎలా వచ్చి ఆగిందో, నాకు వచ్చిన మాటలన్నీ పెట్టి, నాకు చేతనైనంత బాగా చెప్పాను. మావారు పక్కకు తిరిగి నిలబడి వింటున్నారు.

అత్తయ్య తల ఊపుతూ విన్నారు. తాము ఎన్నటికీ చదవబోని పుస్తకం గురించి ఎవరో ఇష్టంగా చెబుతుంటే వింటారు చూడండి, అలా, మధ్యలో ఎక్కడా లైను కట్ చెయ్యకుండా, మర్యాదగా, చివరిదాకా విన్నారు.